నూనె తాగని చుక్క

మా మరదలు చెప్పే కథ ఇది: "మా ఆయన మీద లేనిపోంది మోపినారు. మా వదిన బళ్లారి ల్యాబులోనే ఉండాది గదా, మిషన్‌లో పెట్టి మంచోడని కాగితం మీద రాసిచ్చేసింది. సొంత తమ్ముడని కూడా జంకలేదు." పెళ్లిళ్లలో చెబుతుంది, నామకరణాల్లో చెబుతుంది, ఒకసారి మా పుట్టిల్లు మోకకు పోయే బస్సులో ముక్కూ మొహం తెలియని పక్క సీటు ఆవిడకు నా ముందే చెప్పింది. ఆవిడ నా వైపు చూసి దండం పెట్టినంత పని చేసింది.

ఆ కథలో సరైన మాట ఒక్కటే ఉంది: కాగితం మీద రాసిచ్చాను. మిగతాదంతా కాదు. జంకలేదా? ఆ నెల రోజుల్లో నేను జంకినంతగా నా జన్మలో ఎప్పుడూ జంకలేదు. మిషన్ తేల్చిందా? మిషన్ దానంతట అది ఏమీ తేల్చదు. మనం దాని నోటికి అందించిందాన్ని గురించే అది మాట్లాడుతుంది. నేను ఏమందించానో, ఎట్లా అందించానో మా మరదలికి తెలియదు. ఇక్కడ రాస్తే తెలుస్తుంది. తెలియనీ.

మా పనిలో అసలు కష్టం మిషన్ దగ్గర లేదు, మిషన్ దాకా పోయే ముందు ఉంది. మనిషి మూత్రంలో ఉప్పులుంటాయి, రంగులుంటాయి, తిన్నదాని తాలూకు నానా చెత్తా ఉంటుంది. వాటి మధ్య ఎక్కడో, ఉంటే గింటే, ఒక మందు బిళ్ల జాడ ఉంటుంది. దాన్ని విడదీయాలి. పాత పద్ధతిలో ద్రావకాలు పోసి గిలక్కొట్టేవాళ్లం; సాయంత్రానికి తల దిమ్మెక్కేది. కొన్నేళ్లుగా పొర పద్ధతి చేస్తున్నాం. పొర అంటే ఒక రకం ప్లాస్టిక్ రేకు, ఉల్లిపొరలా పల్చన, చూడటానికి తెల్ల కాగితం ముక్క. కంటికి కనపడని రంధ్రాలు దాని నిండా ఉంటాయి. దాని మీద ఒక చుక్క నూనె వేస్తాం. వంట నూనె కాదు, ఆ పనికే తయారుచేసిన పచ్చటి నూనె. రంధ్రాలన్నీ ఆ నూనెను తాగేస్తాయి. తెల్లగా ఉన్నది కాస్తా గాజులా అయిపోతుంది, కింద పెట్టిన వేలు కనిపిస్తుంది. ఆ పొరకు ఒక పక్క ఆమ్లం కలిపిన శాంపిలు, ఇంకో పక్క శుభ్రమైన ఆమ్లపు నీళ్లు. రెంటిలోనూ రెండు తీగలు. కరెంటు పెట్టి పావుగంట ఊపితే, ధనావేశం పట్టిన మందు అణువులు నూనెను దాటుకొని అవతలి రుణ తీగ వైపు పోతాయి. చెత్త ఇవతలే ఆగిపోతుంది. అవతల చేరిన ఆ నాలుగు చుక్కలనే మిషన్‌కు ఇస్తాం.

కాబట్టి పొర దాటనివ్వనిది మిషన్‌కు తెలియదు. ఇంత చిన్న విషయం అర్థం చేసుకోని వాళ్లు రిపోర్టు పట్టుకొని ఊగిపోతుంటే నాకు ఒళ్లు మండుతుంది. "లేదు" అని మేము ఎప్పుడూ రాయం. "కనపడలేదు" అని రాస్తాం. ఆ రెండు మాటల మధ్య ఉన్న సందులో నేను నెల రోజులు బతికాను.

మా తమ్ముడు సండూరు దారిలో ఉన్న ఒక ఖనిజం యార్డులో లోడర్ నడిపేవాడు. గుట్టగా పోసిన ఇనుప రాతి పొడిని బొచ్చెతో ఎత్తి లారీల్లో పోసే బండి అది. చక్రం ఒక్కటే మనిషి ఎత్తు ఉంటుంది. యార్డులో అప్పుడప్పుడు డ్రైవర్లందరికీ మూత్రం పట్టి స్ట్రిప్పు ముంచి చూస్తారు. దసరాకు మూడు రోజుల ముందు పొద్దున వాడు ఫోన్ చేశాడు.

"అక్కా, నాకు స్ట్రిప్పులో గీత రాలేదు."

ఆ స్ట్రిప్పుల్లో గీత రాకపోతేనే తప్పు. నేను చేతిలో ఉన్న గాజు గొట్టం కింద పెట్టాను.

"దేనికి రాలేదు?"

"నొప్పుల బిళ్ల ఉంటాది గదా, మత్తుది. దానికి. స్ట్రిప్పు తప్పుదక్కా. ఇంగొకనికీ అట్లే వచ్చె, వాన్ని మళ్లా చూస్తే బాగుండాడు. నాది సీలేసి బళ్లారికి పంపుతాండారు, మీ ల్యాబుకే. నువ్వుండావు గదా."

"మింగినావా?"

"ఏంది?"

"బిళ్ల మింగినావా అని అడుగుతాండా."

"పండగకు ఇంటికి వస్తావా లేదా చెప్పు. అమ్మ అడగమనె."

"అడిగిందానికి జవాబు చెప్పప్పా."

"సార్ పిలుస్తాండాడు, పెడతా."

పెట్టేశాడు. ఆ "నువ్వుండావు గదా" మాత్రం నా చెవిలో ఉండిపోయింది. తప్పు చేయనివాడు మిషన్ ఉంది గదా అనుకోవాలి. అక్క ఉంది గదా అని ఎందుకు అనుకోవాలి?

మత్తు కలిసిన నొప్పుల బిళ్ల మా వైపు కొత్త సంగతి కాదు. రోజంతా బండి కుదుపులకు నడుము విరిగిపోయినట్టుంటుంది, ఒకటి వేసుకుంటే నొప్పీ తెలియదు, అలుపూ తెలియదు. ఎదుట మనిషున్నాడనీ తెలియకపోవచ్చు. అంతకు ముందు ఏడాది పక్క యార్డులో ఒక లారీ క్లీనర్ వెనక చక్రానికి గాలి చూద్దామని వంగాడు. లోడర్ వెనక్కి వచ్చింది. మా తమ్ముడు పరుగెత్తుకుపోయి చూసి, ఇంటికి వచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ లోడర్ నడిపినవాడు ఏదో వేసుకున్నాడని అప్పుడు చెప్పింది వాడే. "వానికి హారన్ కూడా వినపడలేదక్కా" అన్నాడు.

అంచేత నా భయం ఒకటి కాదు, ఒకదానికొకటి పొసగని రెండు. బిళ్ల కనపడితే వాడి పని పోతుంది, ఏ యార్డు గేటూ మళ్లీ తెరుచుకోదు. కనపడకపోతే, ఒంట్లో ఉండి కూడా కనపడకపోతే, వాడు మళ్లీ ఆ బండి ఎక్కుతాడు. ఏది కావాలని కోరుకోను?

మరుసటి రోజు సీసా వచ్చింది. పేరు లేదు, నంబరు ఉంది. ఏ యార్డో కాగితం మీద ఉంది. ఆ వారంలో ఆ యార్డు నుంచి వచ్చింది అదొక్కటే. పొర పద్ధతి తెలిసినవాళ్లం ల్యాబులో ఇద్దరమే. రెండోవారు సిరుగుప్ప వైపు ఒక ఆంధ్రా క్యాంపు మనిషి, వాళ్ల నాన్న కోస్తా నుంచి కాలవ నీళ్లకు వచ్చి వరి పెట్టుకున్నారు. రిటైరు కావడానికి దగ్గర పడ్డ పెద్దాయన. పండగకు క్యాంపుకు పోయారు. ల్యాబు యజమాని కన్నడం ఆయన. సీసా చూసి, "మేడం, పూజ ముగిసిన మేలె ఇది ఒకటి మీరే మాడిబిడ్రి" అన్నారు. పూజ అయ్యాక ఇదొక్కటీ మీరే చేసేయండి అని.

అది నా తమ్ముడిది అని చెప్పాలి. అది నియమం, ఎక్కడా రాసి పెట్టక్కర్లేని నియమం. చెబితే సీసా బెంగళూరుకు పోతుంది. అక్కడ ఎవరో ముక్కుసూటి పిల్ల, నాలాంటిదే, కొత్త పొర తీసి, నూనె వేసి, ఉన్నది ఉన్నట్టు తేల్చేస్తుంది. నేను సరేనని, "ఆయితు సార్" అన్నాను. అంతే. నోరున్నదాన్నని నాకు పేరు. కాలేజీలో ప్రొఫెసర్లతో వాదించాను, బస్సులో కండక్టర్లతో వాదించాను, పెళ్లి చూపుల్లో మా ఆయన పెదనాన్నతో వాదించాను. ఆ రోజు ఆ నోరు రెండే మాటలన్నది.

ఆయుధ పూజ రోజున మా ల్యాబులో అన్నింటికీ పూజ జరుగుతుంది. తక్కెడకు విభూతి, ఫ్రిజ్‌కు కుంకుమ బొట్టు, గిర్రున తిరిగే సెంట్రిఫ్యూజు మీద నిమ్మకాయ, గుమ్మానికి అరటి పిలకలు. బయట యజమాని కారు, మా స్కూటర్లు వరసగా. ప్రతి ఏడాదీ నేను వాదన పెట్టుకుంటాను: బొట్లు పెట్టుకోండి, కానీ శాంపిళ్లు ముట్టే సామాను జోలికి రాకండి, విభూతి రేణువొక్కటి చాలు తక్కెడ అబద్ధమాడటానికి. యజమాని నవ్వుతారు. "మేడం బందరు, దేవరు హొరగడె నిల్లప్పా" అంటారు. మేడమ్మ వచ్చింది, దేవుడా నువ్వు బయట నిలబడు అని. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను.

ఆ ఏడాది నేను వాదించలేదు. యజమాని రెండుసార్లు నా మొహం చూశారు. బూడిద గుమ్మడికాయ పగలగొట్టడానికి అందరూ గుమ్మం బయటికి పోయారు. ఆ తర్వాత బొరుగులు, పుట్నాలు, బెల్లం పంచుతారు, కాసేపు ఎవరూ లోపలికి రారు. నేను సొరుగు లాగి పొరల పెట్టె బయటికి తీశాను.

మూత మీద బొట్టు పెడదామనే తీశాను, నిజం. పెట్టాను కూడా. పెట్టాక చాలదనిపించింది. మూత ఏం చేస్తుంది, చేసేది లోపలున్నది కదా? మూత తెరిచాను. తెల్లటి పొరలు దొంతరగా, ఇంకా నూనె తాగనివి. హారతి పళ్లెం పక్కనే ఉంది, కర్పూరం ఇంకా మండుతోంది. పళ్లెం ఎత్తి ఆ పెట్టె ముందు మూడుసార్లు తిప్పాను. వేళ్లకు కుంకుమ ఉంది. రసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ చేసినదాన్ని, కర్పూరం ఆవిరి ప్లాస్టిక్ రంధ్రాల్లోకి ఎట్లా పోయి కూర్చుంటుందో తెలిసినదాన్ని. అన్నీ తెలిసి తిప్పాను.

ఏమని మొక్కుకున్నానో కూడా చెప్పేస్తాను, ఇంత దూరం వచ్చాక దాచేదేముంది. "దాటనియ్యద్దు" అని మొక్కుకున్నాను. దాటించడమే దాని పని. దాటించడానికే దాన్ని చేశారు. దాని ముందు నిలబడి, దాటనియ్యద్దు తల్లీ అన్నాను.

బయట గుమ్మడికాయ పగిలిన చప్పుడుకు ఉలిక్కిపడి మూత వేశాను. సరిగ్గా పడిందో లేదో చూసుకోలేదు.

పండగ మరునాడు శాంపిలు చేశాను. పొర తీసి నూనె చుక్క వేశాను. గాజులా అయింది. ఒక్కచోట కాలేదు. నువ్వుగింజ అంత మేర తెల్లగానే ఉండిపోయింది. అక్కడ నూనె తాగలేదు. మామూలుగా అయితే ఏం చేయాలి? దాన్ని చెత్తబుట్టలో వేసి ఇంకోటి తీయాలి. ఇందులో ఆలోచించేది లేదు. కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజే నేర్పుతాం. నేను దాన్ని వెలుతురుకు పట్టి చూశాను. అంచు దగ్గర ఉంది, పర్వాలేదులే అనుకున్నాను. అనుకొని బిగించాను. కరెంటు పెట్టాను.

మీటరులో అంకె మామూలుగా మొదట కాస్త ఎక్కువుండి నెమ్మదిగా దిగి నిలబడుతుంది. ఆ రోజు దిగింది, ఎక్కింది, మళ్లీ దిగింది. పొర చిరిగితే అంకె ఒక్కసారిగా ఎగబాకుతుంది, అట్లా కాలేదు. కానీ నిలకడగా కూడా లేదు. పావుగంట ఆ అంకెనే చూస్తూ కూర్చున్నాను. అరచేతుల చెమట గ్లౌజుల్లోకి దిగి వేళ్లు జారుతున్నాయి. ఆ కాసేపూ నాకు ఒక పిచ్చి ఊహ: అణువులు వరసగా వచ్చి పొర దగ్గర నిలబడి ఉన్నాయి, నన్ను చూస్తున్నాయి, పోనిస్తావా పోనియ్యవా అని అడుగుతున్నాయి.

మిషన్ కాగితం వచ్చింది. బిళ్ల ఉండాల్సిన చోట గీత నేలబారుగా ఉంది. ప్రతి శాంపిలులోనూ తెలిసిన కొలతలో ఒక గుర్తు పదార్థం మేమే కలుపుతాం. అది సరిగ్గా దాటితే పొర పని చేసినట్టు లెక్క. అది దాటింది. ఒప్పుకోదగ్గ హద్దుకు కొంచెం లోపల, అంచు మీద. ఒక వెంట్రుక వాసి తగ్గి ఉంటే మళ్లీ చేయక తప్పేది కాదు. తగ్గలేదు. "కనపడలేదు" అని రాసి సంతకం పెట్టాను, కాగితం ఆ మధ్యాహ్నమే యార్డుకు పోయింది.

సాయంత్రం మోక పోయాను. ఇంట్లో బొబ్బట్లు చేశారు. మా తమ్ముడు నా కాళ్లకు దండం పెట్టబోతే వెనక్కి జరిగాను. "ఎందుకురా, నేనేం చేసినా?" అన్నాను. "ఏం చెయ్యకుండానే వచ్చెనా కాగితం?" అని నవ్వాడు. ఆ నవ్వు ఏ నవ్వో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. మరుసటి పొద్దున వాడు బండి ఎక్కాడు.

క్యాంపు నుంచి పెద్దాయన తిరిగొచ్చిన రోజు నేను నా బల్ల దగ్గర ఉన్నాను. ఆయన పొరల పెట్టె తెరిచి అడుగున వేలు పెట్టి చూశారు.

"ఏవండీ మేడం, మన పెట్టెలో కుంకుమేంటండీ?"

"పూజ చేసినారు గదా."

"పూజ పెట్టెకి చేశారా, పెట్టెలోపల చేశారా? అడుగున కూడా ఉందండీ. ఇదిగో వాసన చూడండి, కర్పూరం. మీరుండగా ఎవరు ముట్టుకోనిచ్చారండీ?"

"నేనే."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నవ్వుతానేమో అని ఎదురుచూశారు. నేను నవ్వలేదు.

"సరే. పండగ నుంచి దీంతో ఎన్ని చేశారు?"

"నాలుగు."

"నాలుగూ మళ్లీ చేయాలి కదండీ."

చేయాలి. పెట్టె పారేసి కొత్తది తెరిచాం. పండగ తర్వాత ఇతరులవి మూడు చేశాను, ఆసుపత్రుల నుంచి వచ్చినవి. ఆ మూడూ కొత్త పొరలతో మళ్లీ చేశాను. అంకెలు పాతవాటికి దగ్గరగానే వచ్చాయి. కాబట్టి పాత పొరలూ పని చేసినట్టే అని మీరనవచ్చు. నేనూ అన్నాను, నాతో నేను, నెల రోజులు. ఆ మూడు పొరల మీదా తెల్లచుక్క లేదు మరి. చుక్క ఉన్నది ఒక్కదాని మీదే.

యజమానికి నేనే చెప్పాను, పెట్టె పాడైందని, అందరివీ మళ్లీ చేస్తున్నామని. ఆయన తల పట్టుకున్నారు. "మీరా మేడం? ప్రతి ఏడాదీ నాకు పాఠం చెప్పేది మీరే గదా?" అన్నారు. తర్వాత, "ఆ యార్డుది?" అని అడిగారు.

"అయ్యింది సార్. అంతే వచ్చింది" అన్నాను.

కాలేదు. నేను చేయలేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను ఆడిన అబద్ధం అదొక్కటే అంటే నమ్మండి, మానండి. పెద్దాయన అక్కడే ఉన్నారు. వింటూ ఏదో సీసా మూత బిగిస్తున్నారు.

మిగిలిన శాంపిలు నెల రోజులు ఫ్రీజర్లో ఉంచాలి మా దగ్గర. ఎవరైనా అభ్యంతరం చెబితే మళ్లీ చేయడానికి. ఆ సీసా మూడో అరలో ఎడమ పక్క ఉండేది. నేను రోజూ ఫ్రీజర్ తెరిచేదాన్ని. ఏదో ఒక పని కల్పించుకొని తెరిచి, ఆ నంబరు ఉందా అని చూసి మూసేదాన్ని. పావుగంట పని. కొత్త పొర, ఒక నూనె చుక్క, పావుగంట. చేస్తే తెలిసిపోతుంది. తెలిస్తే ఏం చేయాలో తెలుసు కాబట్టి చేయలేదు.

ఆ నెలలో నేను ఎట్లా ఉన్నానో మా ఆయనకు తెలుసు. ఫోన్ మోగితే పళ్లెం వదిలి లేచేదాన్ని. అంబులెన్సు కూత వినిపిస్తే అది సండూరు దారి నుంచి వస్తోందా, హొసపేట వైపు నుంచా అని చెవి పెట్టేదాన్ని. పేపర్లో ప్రమాదాల పేజీ ముందు చదివేదాన్ని, చచ్చినవాళ్ల వయసు, పని, ఊరు. చచ్చినవాడు నా తమ్ముడు కాకపోతే చాలదు, చంపినవాడూ వాడు కాకూడదు. బండి కింద పడేవాడి మొహం ఊహించుకోబోతే ప్రతిసారీ చక్రానికి గాలి చూస్తూ వంగిన వీపే కనిపించేది, మొహం కనిపించేది కాదు.

నెలకు ఇంకా రెండు రోజులున్నాయనగా సెలవు పెట్టి యార్డుకు పోయాను. బస్సు దిగేసరికి లారీల వరస రోడ్డు దాకా ఉంది. చెట్లు, గోడలు, కుక్కలు అన్నీ ఎర్ర దుమ్ము రంగు. గేటు దగ్గర పెద్దమనిషి "యారు బేకమ్మా" అని, ఎవరు కావాలో అడిగాడు. తమ్ముడి కోసమని చెప్పి నిలబడ్డాను. వాడు లోపల బండి మీద ఉన్నాడు. బొచ్చె ఎత్తి లారీలో పోసి, వెనక్కి, ముందుకు, వెనక్కి. లారీ నీడలో ఇద్దరు క్లీనర్లు గొంతుకూర్చుని టీ తాగుతున్నారు. లోడర్ వెనక చక్రం వాళ్లకు నాలుగు బారల దూరం దాకా వచ్చి ఆగింది. వాళ్లు తలెత్తి కూడా చూడలేదు. నేను గోడ పట్టుకున్నాను.

వాడు నన్ను చూసి దిగి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ యార్డులో ఎవరి కళ్లు ఎర్రగా లేవు?

"ఏమక్కా, ఈడికి వచ్చినావు? అమ్మ బాగుండాదా?"

"బాగుండాది. నీ సీసా ఇంకా నా దగ్గరే ఉండాది."

"ఏ సీసా?"

"తెలీనట్ల అడగద్దు. నెల దాకా పెడతాం. ఎల్లుండికి నెల."

"అయితే ఎల్లుండి పారేయ్."

"పారేయమంటావా, ఇంగోసారి చెయ్యమంటావా?"

"ఒకసారి చేసినావు గదా. నీ పని మీద నీకే నమ్మకం లేదా?"

"లేదు. ఆ పూట నా పని మీద నాకు నమ్మకం లేదు. పొర బాగలేదు. బాగలేదని చూసి కూడా చేసినా. చాలా?"

వాడు తలకు కట్టుకున్న గుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. గుడ్డ ఎర్రగా అయింది, మొహం అట్లే ఉంది.

"ఎవరికైనా చెప్పినావా?"

చూశారా వాడు అడిగింది. నేను మింగలేదు కదక్కా, ఎన్నిసార్లయినా చేసుకో అనలేదు. ఎవరికైనా చెప్పినావా అన్నాడు. అంటే మింగినట్టే అనుకున్నాను. అయితే అదే మాట ఇంకోలా కూడా అనుకోవచ్చు: అక్క ఉద్యోగం పోతుందని అడిగాడేమో. ఇప్పటికీ ఆ మాటను రెండు వైపులా తిప్పి చూస్తూనే ఉన్నాను.

"చెప్పలేదు. నువ్వు చెప్పు నాకు. మింగినావా?"

"ఇన్ని దినాలు ఇదే పెట్టుకున్యావా మనసులో?"

"అన్నం దిగలేదప్పా నాకు. ఆ కూచున్నోళ్లను చూడు. వాళ్లకు అక్కలు లేరా?"

వాడు వెనక్కి తిరిగి క్లీనర్లను చూశాడు. ఒకడు టీ గ్లాసు బోర్లించి దుమ్ములో ఏదో గీస్తున్నాడు. తర్వాత మా తమ్ముడు నా వైపు తిరిగి, నా చేతులు చూశాడు. గోడ వదిలాక కూడా వణుకుతున్నాయి అవి.

"నీకు నేనంటే ఇంత భయమా అక్కా?" అన్నాడు.

వాడిదీ నాలాంటి ప్రశ్నే, జవాబు లేకుండా పోయింది. వాడు బండి దగ్గరికి పోయి, ఇంజను ఆపి, తాళం తీసుకొని ఆఫీసు గదిలోకి నడిచాడు. కాసేపటికి వట్టి చేతులతో బయటికి వచ్చాడు.

"కాటా దగ్గర కూచుంటానని చెప్పినా. నడుం నొప్పి అని చెప్పినా. ఇంగ బండెక్కను. సాకా, ఇంగ చాలునా?"

లారీల బరువు చూసి చీటీ రాసే కాటా అది. వాడికి ఆ కుర్చీ అంటే చులకన. దాని మీద కూర్చునేవాళ్లను ముసలోళ్లని వెక్కిరించేవాడు. అట్లాంటివాడు, పదమూడేళ్లు బండి నడిపినవాడు, ఒక్క మాటతో దిగేశాడు. సంబరపడాల్సింది పోయి నాకు మరింత భయం వేసింది. నడుం నొప్పి అన్నాడు. ఆ నొప్పి నిజంగానే ఉందా? ఎప్పటినుంచి? దానికి ఇన్నాళ్లూ ఏం వేసుకున్నాడు?

ఎల్లుండి వచ్చింది. నెల దాటిన సీసాలు పారేసే పని పెద్దాయనది. జాబితా పట్టుకొని ఒక్కొక్క నంబరే చదివి ట్రేలో పెడుతున్నారు. ఆ నంబరు దగ్గర ఆగారు.

"మేడం, ఇదొక్కటీ ఉంచమంటారా?"

నేను దాన్ని మళ్లీ చేయలేదని ఆయనకు తెలుసో తెలియదో నాకు తెలియదు. అడిగిన తీరు చూస్తే తెలిసినట్టే ఉంది. కొత్త పొరల పెట్టె నా మోచేతి పక్కనే ఉంది. పావుగంట.

"వద్దండీ" అన్నాను. వాడు దిగిపోయాడు కదా, ఇంక ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం, ఆ కాగితం చూడగలిగే ధైర్యం నాకు లేదు. ఆయన ఆ సీసాను మిగతావాటితో పాటు ట్రేలో పెట్టి తీసుకుపోయారు.

ఆ తర్వాత మూడు వారాలకు యార్డులో మళ్లీ, ఈసారి కాటా వాళ్లతో సహా అందరికీ, స్ట్రిప్పులు పెట్టారు. మా తమ్ముడికి గీత వచ్చింది, నిండుగా, బిళ్ల లేదన్నట్టు. మా మరదలు ఆ కబురు కూడా కథలో కలిపేసుకుంది. ఆ బిళ్ల నాలుగు రోజుల్లో ఒంట్లోంచి పోతుందని, ఇన్ని వారాల తర్వాతి గీత దసరా ముందటి సీసా గురించి ఏమీ చెప్పదని ఆమెకు ఎవరు చెప్పాలి? నేను చెప్పవచ్చు. నాకు నోరు లేక కాదు.

వాడు ఇప్పుడూ కాటా దగ్గరే ఉన్నాడు. నడుము వంగలేదు, కుంటడం లేదు, పండక్కి వచ్చినప్పుడు మంచినీళ్ల బిందె రెండు చేతులా ఎత్తుకొస్తాడు. నాతో బాగానే మాట్లాడతాడు, ఆ ఒక్క సంగతి తప్ప అన్నీ మాట్లాడతాడు. నేను యజమానితో అబద్ధమాడానని ఇది చదివితే ఆయనకు తెలుస్తుంది. తెలిసి ఏం చేయాలో ఆయన ఇష్టం, నేను వాదించను. నాకు కావాల్సింది ఆయన దగ్గర లేదు, ఏ మిషన్ దగ్గరా లేదు. ఒక్క మనిషి దగ్గర ఉంది. వాణ్ణే అడుగుతున్నాను, నలుగురూ చదివే చోట, ఫోన్ పెట్టేయడానికి వీల్లేని చోట: తమ్ముడూ, ఆ రోజు నువ్వు బండి దిగింది బిళ్ల మింగినందుకా, లేక మింగకపోయినా నీ అక్క నిన్ను చూసి వణుకుతుంటే చూడలేకనా?